కుడి చిన్నది, ఎడమ పెద్దది

విశాలాక్షి చేతివేళ్లు పొద్దున పూట మాట వినవు. నిద్ర లేచాక చాలాసేపు వాటితో బేరమాడాలి. వంటింటి సింకులో వేడినీళ్లు పట్టి, రెండు చేతులూ ముంచి, ముందు చిటికెన వేలు, తర్వాత దాని పక్కది, అలా ఒక్కొక్కదాన్నీ బతిమాలి ముడవాలి. కీళ్లవాతం ఆమెకి కొత్త కాదు. మణికట్లలో మొదలై, మోకాళ్లకి దిగి, ఇప్పుడు చీలమండల్లో కాపురం పెట్టింది. దానితో సర్దుకుపోవడం ఆమెకి వచ్చు. ఈమధ్య ఇంకేదో మొదలైంది. దానికి పేరేమిటో తెలియదు కాబట్టి దానితో ఎలా సర్దుకోవాలో కూడా తెలియడం లేదు.

ఆ మంగళవారం చేతులింకా నీళ్లలో ఉండగానే భర్త శంకర్ బయటి నుంచి వచ్చి బూట్లు దులుపుకున్నాడు. "కారు మీద మంచు మొత్తం గీకేశాను," అన్నాడు.

"ఆ ఊపేవి కూడా పైకెత్తావా?"

"ఊపేవేంటి?"

"అవే... అద్దం మీద ఇటూ అటూ..." విశాలాక్షి తడిచేతిని గాల్లో ఆడించింది. నీళ్లు పొయ్యి మీద పడ్డాయి.

"వైపర్లా?"

"వైపర్లే. నేనేమన్నాను మరి?"

శంకర్ నవ్వేశాడు. "మొన్న గోడౌన్‌లో మా మేనేజరు పేరు నాకు గుర్తు రాలేదు. వాడు నా ఎదురుగానే ఉన్నాడు. వయసొస్తోంది, ఏం చేస్తాం?"

ఆమెకి నవ్వు రాలేదు. గోడౌన్‌లో పనిచేసే మనిషి మేనేజరు పేరు మరిచిపోతే ఎవరికీ దెబ్బ తగలదు. ఆమె డ్రైవింగ్ నేర్పే మనిషి. కెనడాలోని ఈ వాన్ అనే ఊళ్లో, చుట్టుపక్కల బేస్‌మెంట్లలో ఉండే తెలుగు ఆడపిల్లల్లో సగం మందికి లైసెన్సు ఆమె చేతి మీదుగా వచ్చిందే. వైపర్ అన్న మాట తనకి దొరక్కపోవడం ఏమిటి?

కొడుకు తనీష్ బ్యాగు తగిలించుకుని మెట్లు దిగుతున్నాడు. "లంచ్ పెట్టుకున్నావా?" అని అడిగింది.

"మామ్, యూ జస్ట్ ఆస్క్‌డ్ మీ దట్," అన్నాడు వాడు చెవిలో ఇయర్‌బడ్ పెట్టుకుంటూ.

ఎప్పుడడిగిందో ఆమెకి గుర్తు లేదు. తువ్వాలుతో చేతులు తుడుచుకుని, వేళ్లు బయటికుండే ఉన్ని గ్లవ్స్ తొడుక్కుని, ఫ్లాస్కులో వేడినీళ్లు పోసుకుని కారెక్కింది.

రెండేళ్లుగా కాలేజీల కోసం పిల్లలు విమానాల నిండా దిగుతున్నారు. దిగిన వారానికే ఈ ఊళ్లో కారు లేకపోతే కాళ్లు లేనట్టేనని తెలుస్తుంది. రోడ్ టెస్టుకి స్లాట్ దొరకడం దేవుడి దర్శనం కన్నా కష్టమైపోయింది. ఇప్పుడు చేతిలో ఉన్నది పోగొట్టుకుంటే మళ్లీ ఎండాకాలం దాకా చూడాల్సిందే. స్వీటీకి ఆ శుక్రవారం స్లాట్ ఉంది.

స్వీటీది నల్గొండ. సప్లై చైన్ డిప్లొమా చదువుతూ, క్లాసులయ్యాక ఒక గోడౌన్‌లో పెట్టెలు సర్దుతుంది. ఆ పని మానేసే అదృష్టం తలుపు దాకా వచ్చింది. ముసలివాళ్ల ఇళ్లకి వేడి భోజనాలు పంపే వంటశాలవాళ్లు డెలివరీ బండి నడపడానికి తీసుకుంటామన్నారు. సోమవారానికి లైసెన్సు తెస్తే ఉద్యోగం ఆమెది, తేకపోతే తర్వాతి మనిషిది.

బేస్‌మెంట్ మెట్లెక్కి పరుగున వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంది స్వీటీ. "గుడ్ మార్నింగ్ ఆంటీ. చేతులు ఎట్లున్నయి?"

"నా చేతుల సంగతి తర్వాత. సీటు బెల్టు సంగతి చూడు ముందు."

"ఏస్కుంటున్న ఆంటీ, ఊపిరి తీస్కోనియ్యుండ్రి."

విశాలాక్షి నవ్వింది. ఈ పిల్ల అంటే ఆమెకి ఇష్టం. తిట్టినా మొహం ముడుచుకోదు, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. విశాలాక్షి చూపుడువేలు వంకరపోయి చాలాకాలమైంది. ఎటు చూపించినా అది తనకి ఇష్టమైన వైపే చూస్తుంది. అందుకని తన దగ్గర నేర్చుకునే పిల్లలందరికీ మొదటిరోజే చెప్పేస్తుంది, వేలు చూడకండి, మాట వినండి అని. స్వీటీ అలాగే మాట విని నడుపుతుంది.

ఇంకొక మాట కూడా మొదటిరోజే నేర్పుతుంది. "కెనడాలో కుడి చిన్నది, ఎడమ పెద్దది." ఇండియాలో ఎడమకి తిరగాలంటే అంచు పట్టుకుని దగ్గరగా తిరిగేస్తాం. ఇక్కడ అలా తిరిగితే ఎదురొచ్చే బండి ముందుకి పోతాం. ఇక్కడ దగ్గరగా తిరగాల్సింది కుడికి. ఎడమకైతే ఎదురు లైను దాటి వెడల్పుగా పోయి, ఆ రోడ్డులో కుడి పక్కకి చేరాలి. కొత్తగా వచ్చిన పిల్లలకి ఇది తలకెక్కుతుంది కానీ చేతులకెక్కదు. "తల కెనడాలో, చేతులు నల్గొండలో," అని ఆటపట్టిస్తూ ఉంటుంది.

ఆ పొద్దున గోడౌన్ల వెనక రోడ్డుకి తీసుకెళ్లింది. మంచు తీసే బండి అటింకా రాలేదు. మధ్యలో పసుపు గీత ఎక్కడుందో తెలియకుండా నేలంతా తెల్లగా ఉంది. ఒక్క బండి లేదు. విశాలాక్షి ఫ్లాస్కు మూతని రెండు చేతుల మధ్యా పెట్టుకుని వేళ్లు కాచుకుంటోంది. కుడి పక్క సీటు, కాలి కింద నేర్పేవాళ్ల కోసం బిగించిన బ్రేకు. కాకినాడలో ఒకప్పుడు ఆమె కారు నడిపింది కూడా ఈ పక్క కూర్చునే.

"ముందు ఎడమ," అంది. "చిన్నగా తిప్పు. అంచు పట్టుకో."

స్వీటీ వేగం తగ్గించింది. "చిన్నగనా ఆంటీ?"

"చిన్నగానే. చెప్పింది చెయ్యమ్మా."

స్వీటీ చెప్పింది చేసింది. కారు ఎడమ అంచు వెంట మెత్తగా తిరిగి, ఎడమ పక్కనే సాగింది. విశాలాక్షికి చాలా హాయిగా అనిపించింది. రోడ్డు ఎలా ఉండాలో అలా ఉన్నట్టు, చాన్నాళ్లకి ఒక పని కుదిరినట్టు ఉంది. ఇద్దరూ ఎడమ పక్క నడిచే దేశంలో పుట్టినవాళ్లే కదా. ఆ ఖాళీ రోడ్డు మీద ఇది తప్పని చెప్పడానికి మూడో మనిషి కావలసి వచ్చింది.

ఆ మూడో మనిషి ట్రక్కులో వచ్చాడు. వంపు తిరిగి ఎదురుగా వస్తూ హారన్ మోత మోగించాడు. విశాలాక్షి ట్రక్కుని చూసింది. చూశానన్న సంగతి ఆమె లోపలికి చేరడానికి ఆలస్యమైంది. అది చేరి, కాలికి కబురు పంపి, బూటులో బిగుసుకున్న చీలమండ కదిలేలోపల స్వీటీయే స్టీరింగ్ కుడికి తిప్పి బ్రేకు తొక్కేసింది. కారు జారి, అవతలి అంచున ఉన్న మంచుకుప్పలో ముక్కు పెట్టి ఆగింది. ఫ్లాస్కు మూతలో నీళ్లు విశాలాక్షి ఒడి నిండా ఒలికాయి.

ట్రక్కు డ్రైవరు అద్దం దించి ఏదో అరిచాడు. కారు నెత్తిన ఉన్న బోర్డు మీది నంబరు చూస్తూ ఫోను తీశాడు.

"సారీ ఆంటీ," అంది స్వీటీ. "సారీ, సారీ."

విశాలాక్షి తడిసిన ఒడి వైపు చూసింది. ఇప్పుడేం జరిగింది? నేనేమన్నాను? వెనక్కి వెళ్లి ఆ మాట వెతుక్కుంటోంది. అది వైపర్ లాగే తప్పించుకు తిరుగుతోంది.

అంతలో కారు స్పీకర్లలో ఫోను మోగింది. డ్రైవింగ్ స్కూలు నడిపే మల్లికార్జున్. అనంతపురం మనిషి, మంచివాడే, కానీ బండికి గీత పడితే తన ఒంటికి పడినట్టు బాధపడతాడు.

"ఏమయింది మేడమ్? ఎవరో ట్రక్కాయన ఫోన్ చేసినాడు. మన బండి రాంగ్ సైడ్‌లో వచ్చిందంట కదా!"

విశాలాక్షి నోరు తెరిచింది. ఏ మాటా దొరకని ఆ క్షణంలో, ఎన్నేళ్లుగానో అందరూ అనేది, తనూ నవ్వుతూ అనేది ఒక మాట మాత్రం సిద్ధంగా వచ్చి నిలబడింది.

"కొత్తపిల్ల కదండీ. ఇండియా అలవాటు."

"బండికి ఏం కాలేదు కదా? సరే మేడమ్. శుక్రవారం టెస్టు క్యాన్సిల్ చేసేయండి. ఆ పిల్లకి మన బండి ఇచ్చేది వద్దు. ఇన్ని దినాలు నేర్చుకొని కూడా రాంగ్ సైడ్ పోతే ఎట్ల?"

"అలాగేనండీ," అంది విశాలాక్షి.

స్వీటీ రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. అన్నీ వింది. కాసేపటికి బెల్టు తీసి, దిగి, కారు చుట్టూ నడిచి వచ్చి అవతలి తలుపు దగ్గర నిలబడింది, సీటు మారడానికి.

ఇంటికొచ్చిన దగ్గర్నుంచి విశాలాక్షికి కాలు నిలవలేదు. బట్టలు మడత పెట్టబోయి మానేసింది. పప్పు నానబెట్టి, ఏ పప్పో చూసుకుని, మళ్లీ ఇంకోటి నానబెట్టింది. చిన్నగా అన్నానా? ఎన్నేళ్లుగానో రోజూ ఎడమ పెద్దది అని చెప్పే నోరు చిన్నది అని ఎందుకంటుంది? అనదు. ఆ పిల్లే కంగారుపడి ఉంటుంది. మరి "చిన్నగనా" అని ఎందుకడిగింది? అడిగిందా? అది నిన్నటి క్లాసులో వేరే పిల్లేమో? ఇలా తిప్పి తిప్పి చూసుకుంటుంటే అసలు జరిగింది అరిగిపోయి, తనకి అనుకూలమైనది మాత్రం నిగనిగలాడుతూ మిగిలింది.

రాత్రి అన్నాల దగ్గర శంకర్‌తో కూడా అదే చెప్పింది. "ఒక పిల్ల ఇవాళ రాంగ్ సైడ్ తిప్పేసింది."

"అయ్యో, నువ్వు బ్రేకు వేశావా?"

"వేశాను," అంది. బల్ల కింద ఆమె కుడికాలు నేలని నొక్కుతూనే ఉంది.

బుధవారం కీళ్ల డాక్టరు దగ్గరికి ఎప్పటినుంచో ఉన్న అపాయింట్‌మెంట్. డాక్టరమ్మ తెల్లావిడ, నిదానస్తురాలు. ఒక్కొక్క కణుపునీ బొటనవేలితో నొక్కి చూసి, "ఈ నెల కీళ్లలో మంట ఎక్కువగా ఉందే," అంది. మందు మార్చే విషయం చెప్పింది. లేవబోతుంటే విశాలాక్షి ఉండబట్టలేక అడిగేసింది.

"ఈ జబ్బు తలకి కూడా ఎక్కుతుందా డాక్టర్?"

డాక్టరమ్మ మళ్లీ కూర్చుంది. ఎందుకడుగుతున్నారని అడిగింది. మాటలు దొరకడం లేదని, అడిగిందే అడుగుతున్నానని విశాలాక్షి తన ఇంగ్లీషులో చెప్పింది. మిగతాది చెప్పలేదు.

"ఈ జబ్బున్న వాళ్లలో కొందరికి ధ్యాస నిలవకపోవడం, జ్ఞాపకం, ఆలోచనలో వేగం తగ్గడం మేం చూస్తున్నాం," అంది డాక్టరమ్మ. "కొందరికి స్కాన్ తీస్తే మెదడులో కూడా మార్పులు కనబడ్డాయి. ఎందుకన్నది పూర్తిగా తెలియదు. ఒంట్లో వాపు, నొప్పి, నిద్ర చాలకపోవడం, అన్నిటికీ అందులో వాటా ఉండొచ్చు. అందరికీ రాదు. వచ్చినా ఎప్పుడూ ఒకలా ఉండదు, మంట తగ్గితే కొందరికి ఇదీ తేలికపడుతుంది. మీరేదో ఊహించుకుంటున్నారని మాత్రం నేననను. సరైన పరీక్ష చేయిద్దాం."

విశాలాక్షి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లకి ఒక మనిషి ఇది వయసని కొట్టిపారెయ్యకుండా మాట్లాడింది. ఆ మాటకి ఎంత ఊరటగా ఉందో అంత భయం వేసింది.

"మీరు చేసే పని ఏమిటి?" అని డాక్టరమ్మ కంప్యూటరు వైపు తిరిగింది. "పనిలో ఇబ్బంది ఏమైనా ఉందా?"

ఇలాంటి జబ్బుల సంగతి డాక్టర్లు లైసెన్సు ఆఫీసుకి రాసి పంపితే లైసెన్సు ఆపేస్తారని ఆమెకి తెలుసు. తన పిల్లలకి ఆమే చెప్పింది ఎన్నోసార్లు.

"ఆఫీసు పని," అంది విశాలాక్షి. "పేపర్లు సర్దడం. ఇబ్బందేమీ లేదు."

గురువారం ఇషితకి క్లాసు. ఇషిత విజయవాడ పిల్ల, స్వీటీ రూమ్మేటు. ఒకే బేస్‌మెంట్, ఒకే వంటిల్లు. మళ్లీ మంచు పడింది. కారెక్కగానే ఇషిత అద్దం సర్దుకుంటూ అంది, "స్వీటీకి ఏమైందో తెలీదు ఆంటీ. మంగళవారం నుంచీ అన్నం కూడా సరిగా తినట్లేదు. ఆ భోజనాల బండి జాబ్ వద్దని సాయంత్రం ఫోన్ చేసి చెప్పేస్తానంటోంది."

"ఎందుకు?"

"నాకు డ్రైవింగ్ రాదు, నేను నడిపితే ఎవరో ఒకరు చస్తారు అంటోంది. ఊరికే చేతులు చూసుకుంటూ కూర్చుంటోంది."

విశాలాక్షి బెల్టు పెట్టుకోబోయి ఆగింది. "ఇషితా, నీ క్లాసు రేపెప్పుడైనా చూద్దాం. దిగమ్మా."

బేస్‌మెంట్ మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్లు ఒక్కొక్క మెట్టుకీ మొత్తుకుంటుంటే, గోడ పట్టుకుని దిగింది. స్వీటీ పొయ్యి దగ్గర ఉల్లిపాయలు తరుగుతోంది. ఆమెని చూసి గబగబా చేతులు కడుక్కుని కుర్చీ మీది బట్టలు తీసింది.

"కూసోండి ఆంటీ. మీరెందుకు దిగిన్రు మెట్లు? పిలిస్తే నేనే వస్తుంటి గదా."

విశాలాక్షి కూర్చుంది. ఏం మాట్లాడాలో ఆలోచించుకుని రాలేదు. ఆలోచించుకుని వచ్చినా గుర్తుండేది కాదేమో. ఆమె నోరు తెరిచేలోపల స్వీటీయే మొదలుపెట్టింది.

"మీకు నా వల్ల మాట వచ్చింది ఆంటీ. సార్ ముందర మీ పరువు తీసిన. మీరు పెద్దగ తిప్పమన్నరు. నేనే పరేషాన్ల చిన్నగ తిప్పిన. ఇండియా అలవాటు పోతలేదు నాకు."

"నేను పెద్దగా అన్నానా?"

"అవు గదా."

"అన్నానని నీకు గుర్తుందా?"

స్వీటీ కాస్త తడబడింది. "మీరెప్పుడు అదే చెప్తరు గదా ఆంటీ. కుడి చిన్నది, ఎడమ పెద్దది. గదే అని ఉంటరు. ఇంకేమంటరు?"

విశాలాక్షి ఆ పిల్ల మొహంలోకి చూసింది. అబద్ధమాడుతున్న మొహం కాదు, దెప్పుతున్న మొహమూ కాదు. ఈ పిల్ల నిజంగానే నమ్మేసింది. రెండు రోజులపాటు ఆ తప్పుని నెత్తిన పెట్టుకుని, తన చెవులు విన్నదాన్ని చెరిపేసుకుని, ఆంటీ చెప్పే మాటని అక్కడ అతికించుకుంది. ఇక ఈ భూమ్మీద ఆ రోజు ఏం జరిగిందో చెప్పగలిగిన వాళ్లు తను తప్ప ఎవరూ లేరు. లేచి వెళ్లిపోతే అంతటితో సరి. ఆమె పని ఆమెకుంటుంది, పేరూ ఉంటుంది. ఒక్క నిమిషం ఆమెకి అది ఎంత తేలికైన సంగతో అర్థమైంది. ఆ వెంటనే ఇంకొకటీ అర్థమైంది. తన తలకి పట్టిన మసక ఇప్పుడు ఈ పిల్ల తలకి కూడా పట్టింది. తనదైతే జబ్బు. ఈ పిల్లది తను అంటించింది.

"కోటు వేసుకో," అంది.

"ఎక్కడికి ఆంటీ?"

"ఆ రోడ్డుకే."

"అమ్మో, నేను నడపను ఆంటీ. మీకు దండం పెడ్త."

"ఇవాళ నేనేమీ చెప్పను. నువ్వే చూసుకో, నువ్వే పైకి చెప్పుకుంటూ నడుపు. నేను ఊరికే కూర్చుంటాను, రా."

స్వీటీ నడిపింది. చేతులు బిగుసుకుపోయి ఉన్నాయి, కానీ నడిపింది. "సిగ్నల్... అద్దం... వెనక ఎవరు లేరు... ఆపుతున్న," అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుంటూ గోడౌన్ల వెనక్కి వచ్చింది. పక్కన విశాలాక్షి ఒళ్లో చేతులు పెట్టుకుని, పెదాలు బిగించుకుని కూర్చుంది. తెల్లటి రోడ్డు, కనపడని గీత, అదే మలుపు. కుడి పక్క సీటు, కాలి కింద బ్రేకు.

"ఎడమకి సిగ్నల్ ఏసిన," అంది స్వీటీ. "ఎదురుంగ ఎవ్వరు లేరు. ఇప్పుడు..."

"చిన్నగా," అంది విశాలాక్షి. "అంచు పట్టుకో."

మాట బయటికి వచ్చాక తన చెవులతో తనే వింది. ఒళ్లో ఉండాల్సిన చెయ్యి పైకి లేచి ఉంది. వంకర వేళ్లన్నీ కలిసి ఎడమ అంచుని చూపిస్తున్నాయి. తను లేపలేదు ఆ చేతిని. అదే లేచింది, ఆ దారే సరైనదన్న ధీమాతో.

స్వీటీ కారు ఆపేసింది. మెల్లిగా తల తిప్పి ఆ చేతిని చూసింది, తర్వాత ఆమె మొహాన్ని చూసింది.

"ఆంటీ," అంది. "మొన్న గూడ గిట్లనే అన్నరు. చిన్నగనా అని నేను అడిగిన గూడ."

"అడిగావు."

"మరి నేనెందుకు మర్చిపోయిన?"

విశాలాక్షి చెయ్యి దించుకుంది. "నువ్వు మర్చిపోలేదమ్మా. నేను మరిపించాను. తప్పు నాది, పేరు నీది పెట్టాను. నాకు ఈ మధ్య తల... ఈ కీళ్ల జబ్బు తలకి కూడా వస్తుందిట. నిన్ననే చెప్పారు. అది వేరే సంగతి. ఆ రోజు ఫోన్లో ఆ మాట అన్నది జబ్బు కాదు, నేనే."

స్వీటీ క్షమించానని గానీ, పర్లేదని గానీ అనలేదు. అననందుకు విశాలాక్షికి ఆ పిల్ల మీద గౌరవం కలిగింది.

"ఇప్పుడు తిప్పు," అంది. "నా మాట వినకు. నీ మాట విను."

"ఎడమ పెద్దది," అనుకుంటూ స్వీటీ వెడల్పుగా తిప్పి కుడి పక్కకి చేరింది. ఆ పక్కనే ఆపించి విశాలాక్షి ఫోను కలిపింది. మల్లికార్జున్ గొంతు మంగళవారం వచ్చిన ఆ స్పీకర్లలోంచే వచ్చింది.

"మల్లికార్జున్ గారూ, మొన్నటి సంగతి. ఆ పిల్ల తప్పేం లేదండీ. రాంగ్ సైడ్ తిప్పమన్నది నేను."

అవతల ఆయన నవ్వాడు. "మీరు పిల్లల్ని వెనకేసుకొస్తారని నాకు తెలీదా మేడమ్? మీరట్ల ఎందుకు చెప్తారు? వేరే ఎవరన్నా చెప్పినారంటే నమ్ముతా."

తను మంచిదాన్ని కానని నమ్మించడానికి ఇంత కష్టపడాలని విశాలాక్షి అనుకోలేదు. "ఇప్పుడు, ఇదే రోడ్డు మీద మళ్లీ చెప్పాను. అమ్మాయి పక్కనే ఉంది, అడగండి."

స్వీటీ ఆమె వైపు చూసింది. విశాలాక్షి తల ఊపింది.

"అవును సార్," అంది స్వీటీ. "ఆంటీ చిన్నగ తిప్పమన్నరు. రెండు సార్లు గూడ."

మల్లికార్జున్ గొంతు మారింది. "టెస్టు క్యాన్సిల్ చేసేసినారా మేడమ్?"

విశాలాక్షి కంగారుగా ఫోను వెతికింది, చేతిలో ఉన్న ఫోనునే. క్యాన్సిల్ చెయ్యాలన్న సంగతి రెండు రోజులుగా ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

"లేదండీ. మర్చిపోయాను."

స్వీటీకి ఉన్నట్టుండి నవ్వొచ్చింది. ఆపుకోబోయి ముక్కుతో నవ్వింది. దాంతో విశాలాక్షికీ వచ్చింది. మల్లికార్జున్‌కి మాత్రం రాలేదు. "సరే, రేపు టెస్టుకి బండి తీసుకపోయేదానికి పద్మ టీచర్ని పంపిస్తా. మీరు... కొన్ని దినాలు ఇంట్లో ఉండండి మేడమ్. తర్వాత మాట్లాడదాం," అన్నాడు. ఆ తర్వాత మాట్లాడేది ఏముంటుందో ఇద్దరికీ తెలుసు.

స్వీటీ కారుని బేస్‌మెంట్ దాకా నడిపింది. దారిలో విశాలాక్షి శంకర్‌కి ఫోను చేసి వచ్చి తీసుకెళ్లమంది. అతను గోడౌన్ నుంచి హడావిడిగా ట్యాక్సీలో వచ్చి చూస్తే, ఆమె కారు తాళం అతని చేతిలో పెట్టింది. పెళ్లయిన దగ్గర్నుంచీ, తను ఉండగా భర్తని నడపనివ్వని మనిషి ఆమె.

"ఏమైంది విశాలా?"

"మొన్న బ్రేకు వేశానని చెప్పాను కదా. వెయ్యలేదు. ఆ పిల్ల వేసింది," అంది. "నువ్వు నడుపుతూ ఉండు, చెప్తాను."

శుక్రవారం పొద్దున సింకులో చేతులు నానుతుండగా, ఫోను స్పీకర్లో పెట్టి కీళ్ల డాక్టరు క్లినిక్‌కి చేసింది. రిసెప్షన్ అమ్మాయి ఏం కావాలని అడిగింది.

"నా ఫైలులో ఒక తప్పుంది," అంది విశాలాక్షి. "ఆఫీసు పని అని చెప్పాను. కాదు. నేను కారు నడపడం నేర్పుతాను. డాక్టరుగారికి ఈ రోజే చెప్పండి, ప్లీజ్." పెట్టేశాక నీళ్లు చల్లారేదాకా అలాగే నిలబడింది. వాకిట్లో హారన్ వినిపించింది.

పద్మ ఆమె కన్నా చిన్నది, ఈమధ్యే చేరిన టీచరు. తెల్లవారుజామునే వచ్చి కారు తీసుకెళ్లి, స్వీటీని ఎక్కించుకుని ఆమె కోసం మళ్లీ వచ్చింది. కుడి పక్క సీట్లోంచి దిగబోతూ, "మీరిక్కడ కూర్చోండి విశాలాక్షిగారూ," అంది మొహమాటంగా. స్టీరింగ్ దగ్గర స్వీటీ ఉంది.

"అది నీ సీటమ్మా," అంది విశాలాక్షి. వెనక తలుపు తీసుకుని కూర్చుంది. ఇన్నేళ్లలో ఆ కారు వెనక సీట్లో ఆమె కూర్చోలేదు. ముందు ఏముందో సగమే కనబడుతోంది. స్వీటీ జడ, రిబ్బను, స్టీరింగ్ మీద ఒక చెయ్యి.

"పద్మగారూ, టెస్టు సెంటర్‌కి మెయిన్ రోడ్డు నుంచి పోదామా?" అని స్వీటీ అడిగింది. అంతలో తనే, "వద్దు, గోడౌన్ల ఎనక నుంచి పోత," అంది.

పద్మ సరేనంది. మలుపు వచ్చింది. రోడ్డు ఇంకా తెల్లగానే ఉంది. విశాలాక్షికి లోపల ఎక్కడో, దగ్గరగా తిరిగితే ఎంత బాగుంటుందో అనే అనిపించింది. అది అబద్ధమని తెలిసినా అనిపించడం మానలేదు. పెదాలు గట్టిగా మూసుకుంది.

"ఎడమ పెద్దది," అని స్వీటీ మెల్లిగా అనుకుని, వెడల్పుగా తిప్పింది.

వెనక సీట్లో విశాలాక్షి కాలు రబ్బరు మ్యాటుని బలంగా నొక్కింది. కారు ఆగలేదు. కుడి పక్కన, తన దారిలో తను వెళ్లిపోయింది.